రాజుగారి విమానం, శెట్టిగారి కొసరు

ఆ రోజుల్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని కంప్యూటర్ డబ్బా విప్పగలిగిన ప్రతివాణ్నీ జనం ఇంజినీరు గారనే పిలిచేవారు. విప్పినదాన్ని మళ్ళీ బిగించగలడా అన్న సంగతి ఎవరూ అడిగేవారు కాదు. నేనూ ఆ బాపతు ఇంజినీర్నే. డిప్లొమా ఒకటి చేతబట్టుకుని (అందులో రెండు సబ్జెక్టులు రెండోసారి రాసి గట్టెక్కినవి), ఇరవయ్యొకటో ఏట భీమవరంలో ఒక కంప్యూటర్ల కొట్లో పనికి కుదిరాను. రెండువేల సంవత్సరం దాటి నాలుగేళ్ళో ఐదేళ్ళో అయి ఉంటుంది. మాది నిడదవోలు. పొద్దున్నే పాసింజరెక్కి తణుకు, అత్తిలి మీదుగా భీమవరం చేరేవాణ్ని, సాయంత్రం అదే బండిలో వెనక్కి. నా ఉన్నత విద్య అంతా ఆ బండిలోనే జరిగింది. స్టేషన్ పుస్తకాల బల్ల మీద రెండు నెలల పాతవైన ఇంగ్లీషు కంప్యూటర్ పత్రికలు సగం ధరకి దొరికేవి. వాటిని కిటికీ పక్కన కూర్చుని, అర్థమైనవీ కానివీ కలిపి, తల ఊపుకుంటూ చదివేవాణ్ని. ఎదురుగా కూర్చున్న పాలవాళ్ళు నన్ను గౌరవంగా చూసేవారని నా నమ్మకం. బహుశా జాలిగా చూసి ఉంటారు.

మా కొట్టు యజమానిని ఊళ్ళో అందరూ కొసరు శెట్టిగారు అనేవారు. మూడు తరాలుగా కిరాణా వ్యాపారం. అల్లుడు పోరితే కొట్లో సగం అడ్డంగా అద్దం వేయించి కంప్యూటర్ల వ్యాపారం పెట్టించారు. ఏడాది తిరక్కుండానే అల్లుడికి దాని మీద మోజు తీరిపోయి, విశాఖపట్నంలో సిమెంటు ఏజెన్సీ చూసుకుంటానని వెళ్ళిపోయాడు. అద్దానికి అవతల కందిపప్పు, చింతపండు. ఇవతల మోనిటర్లు, నేను. శెట్టిగారికి కంప్యూటర్లో ఏ తీగ ఎటు పోతుందో తెలీదు, తెలుసుకోవాలన్న తొందరా లేదు. ఆయనకి తెలిసిందల్లా బేరం. తూకం అయ్యాక పైన ఇంకో గుప్పెడు వేయకుండా సంచి మూతి కట్టడం వాళ్ళ వంశంలోనే లేదు. ఆ గుప్పెడే కొసరు. కొన్నవాడు అడగకపోయినా వేసేవారు, అడిగితే ఇంకాస్త వేసేవారు. అద్దానికి ఇవతలా అదే పద్ధతి. కీబోర్డు కొంటే దుమ్ము దులుపుకోడానికో పెయింటు బ్రష్షు, ప్రింటరు కొంటే కాగితాల దస్తా, ఏమీ కొనకుండా ఊరికే ధరలు అడిగి పోయేవాళ్ళకి కూడా ఒక ఖాళీ సీడీ. ఆ కొసరు ఆయన స్వహస్తాలతో ఇవ్వాలి, ఒకసారి ఇచ్చింది వెనక్కి తీసుకోవడం అన్నది ఉండకూడదు. కొసరు వద్దన్నవాడితో ఆయన మళ్ళీ బేరం చేయడం నేను చూడలేదు. వద్దన్నవాణ్నే నేను చూడలేదు.

అలాంటి కొట్టుకి ఒక రోజు రాజుగారు వచ్చారు. ఉండి అనే ఊరు దాటాక లోపలికి ఉండే ఒక పల్లె ఆయనది. రొయ్యల చెరువులున్నాయి. యాభై అయిదేళ్ళుంటాయి, తెల్ల పంచె, తెల్ల చొక్కా, మాట మహా నెమ్మది. ఆ ప్రాంతపు పెద్దిళ్ళలో గేదెని కూడా అండీ అనే పిలుస్తారని మా నిడదవోలు వాళ్ళ వేళాకోళం. గేదె సంగతి నాకు తెలీదు గానీ, మీసం సరిగ్గా మొలవని నన్ను మాత్రం ఆయన మొదటి రోజు నుంచీ 'ఇంజినీరు గారండీ' అన్నారు. గేములు ఆడుకోడానికి మంచి కంప్యూటర్ ఒకటి కట్టించాలన్నారు. ఎవరికండీ, బాబుగారికా అని అడిగాను. ఇద్దరూ ఆడపిల్లలేననీ, ఇద్దరికీ పెళ్ళిళ్ళయిపోయాయనీ చెప్పి, కాసేపు అద్దంలోంచి అవతలి పప్పుల బస్తాల వైపు చూసి, గొంతు తగ్గించి తనకేనన్నారు. హైదరాబాదులో పెద్దల్లుడి ఇంట్లో విమానం నడిపే ఆట ఒకటి చూశారట. నిజం విమానంలో ఉన్నట్టే అన్ని మీటర్లూ ఉంటాయట. అది ఆడుకోవాలి. 'ఆడుకోవాలి' అన్న మాట అన్నప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

నాకు కావలసింది అలాంటి మనిషే. అప్పటిదాకా నేను కట్టినవన్నీ లెక్కలు రాసుకునే మిషన్లు, జాతకాలు వేసే మిషన్లు. ఏ ముక్క ఎందుకు పెడుతున్నానో అడిగే నాథుడు లేడు. రాజుగారిని కుర్చీలో కూర్చోబెట్టి నేను విజృంభించాను. ముఖ్యంగా మెమొరీ దగ్గర. ఊళ్ళో అందరూ 512 ఎంబీ ముక్క ఒకటే పెట్టి ఊరుకుంటారనీ, అది తెలివితక్కువనీ, కొత్తగా వచ్చిన బోర్డుల్లో అన్నివిధాలా ఒకేలా ఉన్న 256 ముక్కలు రెండు, ఒకే రంగు స్లాట్లలో పెడితే రెండూ జంటగా పనిచేస్తాయనీ, ఒక దారిలో వచ్చే సరుకు రెండు దారుల్లో ఒకేసారి వస్తుందనీ పత్రికలో చదివిందంతా అప్పజెప్పాను. పైగా ఆయన విడిగా గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే వద్దన్నారు, కొన్నాళ్ళు ఆడి చూశాక తెప్పించుకుందాం అన్నారు. అంచేత తెర మీద బొమ్మ గీసే పని కూడా ఈ మెమొరీ మీదే పడుతుంది, కాబట్టి జంట తప్పదన్నాను. మాటల్లో మాటగా, ఈ జిల్లాలో ఇలా కట్టేది నేనొక్కణ్నే అని కూడా అన్నాను. (జిల్లాలో నేను చూసిన కొట్లు మొత్తం మూడు.) గంటసేపు సాగిన ఆ ఉపన్యాసాన్ని రాజుగారు పురాణం విన్నట్టు విన్నారు. చివర్లో లేచి, అంతా మీ ఇష్టమండి అన్నారు.

మంచి రోజు చూసి మిషన్ బిగించాం. రెండు ముక్కలూ విజయవాడ నుంచి వచ్చాయి. ఒకే కంపెనీ, ఒకే వేగం. నీలంరంగు స్లాట్లలో టక్కుమని కూర్చున్నాయి. మీట నొక్కగానే తెర మీద 512 అని అంకె పడింది. రాజుగారు జీపు తెచ్చుకుని, అగరొత్తులు వెలిగించి, రెండు చేతులూ జోడించి నిలబడ్డారు. అంతా అయ్యాక, ఇక అట్టపెట్టెలో సర్దడమే తరువాయి అనుకుంటూ ఉండగా శెట్టిగారు గల్లాపెట్టె దగ్గర నుంచి లేచారు. ఉండండి రాజుగారూ అని, అల్లుడి కాలం నాటి సొరుగు తెరిచి, కాగితంలో చుట్టి ఉన్న మెమొరీ ముక్క ఒకటి తీశారు. పాతది. 128. వేగం మా కొత్తవాటిలో అటూ ఇటూగా మూడింట రెండొంతులు. కాకపోతే అదే స్లాట్లో పడుతుంది. ఇంత పెద్ద బేరానికి కాగితాల దస్తా ఇవ్వడానికి ఆయనకి మనసొప్పలేదు. అబ్బాయ్, ఇది కూడా లోపల పెట్టు అన్నారు.

అది పెడితే ఏమవుతుందో ఆ గదిలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నెమ్మదిగా నడిచే మూడోది వచ్చి చేరితే మిగతా రెండూ దాని నడకే నడవాలి. పైపెచ్చు జంట చెడిపోతుంది. గంటసేపు నేను దంచిన ఉపన్యాసమంతా ఆ వేలెడు ముక్క కింద పడి పచ్చడైపోతుంది. నేను నోరు తెరిచాను. అది పాతదండి శెట్టిగారూ అన్నాను. పాతదైతేనేం, పనిచేస్తుంది కదా అన్నారు. పనిచేస్తుంది, అబద్ధం కాదు. ఈలోగా రాజుగారు ఆ ముక్కని రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని, నా చేతిలో పెట్టేశారు. కళ్ళకద్దుకున్నదాన్ని వద్దని ఎలా అనను? నల్ల స్లాట్లో దాన్ని నొక్కాను. మీట వేస్తే ఈసారి 640 అని పడింది. కొట్లో ఉన్నవాళ్ళందరూ, అద్దానికి అవతల బెల్లం తూయించుకుంటున్న ముసలమ్మతో సహా, బావుంది బావుంది అన్నారు. నిజం చెప్పొద్దూ, అంత పెద్ద అంకె చూసి నాకూ లోపల కొంచెం గర్వమే కలిగింది. ఇంట్లో ఆడుకునే మనిషి, ఆయనకేం తెలుస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాను. అలా సర్దిచెప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ బాగా వచ్చు.

నెల్లాళ్ళు గడిచాయి. ఒక రోజు మధ్యాహ్నం రాజుగారు మళ్ళీ వచ్చారు. చేతిలో మేం అమ్మిన జాయ్‌స్టిక్కు, అది వచ్చిన పెట్టెలోనే తిరిగి పెట్టి, పురికొసతో కట్టి ఉంది. విమానాన్ని పైకీ కిందికీ నడిపే పిడి అది. బల్ల మీద పెట్టి, దీన్ని ఎవరైనా కుర్రాళ్ళకి ఇచ్చేయండి, డబ్బు మాట వద్దు అన్నారు. పాడయిందాండీ అన్నాను. బాగానే ఉందన్నారు. కంప్యూటర్ కూడా దివ్యంగా ఉందన్నారు. మరెందుకండీ అని శెట్టిగారు అడిగితే కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు.

ఇరవై రెండేళ్ళ వయసులో ఆయన విమానం నడిపే ఉద్యోగానికి పరీక్షలకి వెళ్ళారట. ఎక్కడో దూరాన, రెండు రాత్రుళ్ళు రైల్లో కూర్చుని. రాతపరీక్ష పాసయ్యారు, కంటిచూపు పాసయ్యారు. చివర్లో ఒక యంత్రం ముందు కూర్చోబెట్టారట. దీపాలు వెలుగుతుంటే చూసి చేత్తో పిడి తిప్పాలి, కాళ్ళతో తొక్కాలి. అక్కడ తప్పారు. తిరిగొచ్చి చెరువు గట్లెక్కారు, పెళ్ళి, పిల్లలు, రొయ్యలు. ముప్పై ఏళ్ళు దాటిపోయింది. కానీ మనసులో మాత్రం ఒకటే, ఆ రోజు ఆ యంత్రంలోనే ఏదో తేడా ఉంది, లేదా చూసినవాళ్ళే తొందరపడ్డారు అని. నా చెయ్యి మంచిదేనని నాకు నేను చెప్పుకునేవాణ్నండి, అన్నారు.

"చేతికీ కంటికీ పొత్తు లేదని రాసిచ్చారండి అప్పుడు. వాళ్ళదే పొరపాటనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదండి. సరిగ్గానే చూశారు వాళ్ళు."

విమానం పైకి లేపడం వస్తోందట. మేఘాల్లో తిప్పడం వస్తోందట. దింపడమే రావడం లేదు. నేల దగ్గరపడి ఇళ్ళూ చెట్లూ కనిపించే సరికి ఆయన పిడి లాగుతారు, విమానం కదలదు. ఇంకాస్త లాగుతారు, ఒక్కసారిగా గెంతుతుంది. రన్‌వే పక్కన సముద్రం. నెల్లాళ్ళలో ఒక్కసారీ నేల మీద దిగింది లేదు, ప్రతిసారీ నీళ్ళలోనే. చెరువుల్లో దిగడం మనకి అలవాటే కదండీ అని నవ్వబోయారు గానీ ఆ నవ్వు సగంలో ఆగింది. శెట్టిగారికి జాలేసింది. గోలీసోడా తెప్పించారు. తర్వాత ఆయనకి తెలిసిన ఒకే ఒక వైద్యం చెప్పారు. సొరుగులో అలాంటి ముక్క ఇంకోటి ఉంది, లోపల ఒక గది ఖాళీగానే ఉంది కదా, అదీ పెట్టిద్దామా అన్నారు. రాజుగారు వద్దండి, మీరిచ్చిందే ఎక్కువ అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

నేను అక్కడే ఉన్నాను. బొమ్మ ఎందుకు ఆగుతోందో, ఎందుకు గెంతుతోందో వింటూనే తెలిసిపోయింది. నేల దగ్గర ఇళ్ళూ చెట్లూ గీయాల్సిన పని ఒక్కసారిగా పెరుగుతుంది, మెమొరీ అందించలేక బొమ్మ నిలిచిపోతుంది. చెప్పాలి. కానీ ఎదురుగా శెట్టిగారున్నారు, మీరిచ్చిన కొసరే కొంప ముంచిందని ఆయన మొహాన ఎలా అనను? నాకు జీతమిచ్చే మనిషి, మధ్యాహ్నం నా క్యారేజీలో కూర లేదని ఇంటి నుంచి గిన్నెతో తెప్పించే మనిషి. ఖాళీ సోడా సీసా పట్టుకుని బయటికి నడిచాను. ఆ సాయంత్రం పాసింజర్లో పత్రిక తెరవలేదు. ఒక మనిషి ముప్పై ఏళ్ళు దాచుకున్న నమ్మకాన్ని పురికొసతో కట్టి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు, అది నేను నోరు మూసుకున్నందుకు. నాకు చాలా సిగ్గేసింది. అత్తిలి దాటాక, ఇక జన్మలో నోరు మూసుకోనని ఒట్టు కూడా వేసుకున్నాను.

ఆదివారం జాయ్‌స్టిక్కు పెట్టె చంకలో పెట్టుకుని, స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని బయల్దేరాను. భీమవరం నుంచి బస్సు, బస్సు దిగాక రొయ్యల మేత బస్తాల వ్యానులో వెనక. రాజుగారు వీధరుగు మీదే ఉన్నారు, నన్ను చూసి ఇంజినీరు గారు ఎండనబడి వచ్చారేమిటని కంగారుపడ్డారు. విషయం చెప్పేలోగానే అమ్మగారు (రాజుగారి భార్య) ఆకు వేసేశారు. తినకుండా ఆ ఇంట్లో ఎవరూ ఏ పనీ ముట్టుకోకూడదట. గారెలూ, కోడికూరా. నాలుగు తిన్నాక చాలండి అని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను. వేళ్ళ సందులోంచి ఐదోది పడింది. లేవబోతుంటే ఆరోది పడింది. కాదంటే ఆవిడ నొచ్చుకునేలా ఉన్నారు, ఔనంటే నేను లేవలేకుండా ఉన్నాను. చివరికి మెట్లెక్కి మేడ మీది గదికి చేరే సరికి నాకు ఆయాసం వస్తోంది.

కంప్యూటర్ గది బయట చెప్పులు విడవాలి. లోపల మోనిటర్‌కీ, కీబోర్డుకీ అమ్మగారు కుచ్చులు పెట్టి కుట్టిన ముసుగులు. డబ్బాకి మూడు బొట్లు, పైన ఒక బంతిపువ్వు. నేను కింద చాప మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. ఆ మూడో ముక్క వల్ల మిగతా రెండూ ఎలా నెమ్మదించాయో చెప్పాను. రాజుగారు విని, ఈడైన జోడు ఎడ్లకి పక్కన ఇంకో ముసలిదాన్ని కట్టినట్టన్నమాట అన్నారు. ఆయ్, అంతేనండి అన్నాను. మా పత్రిక వాళ్ళు నాలుగు పేజీల్లో చెప్పింది ఆయన ఒక్క మాటలో చెప్పేశారు. అయితే తీసేద్దామాండి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. అది శెట్టిగారు ప్రేమగా ఇచ్చింది, తాను కళ్ళకద్దుకుని పుచ్చుకున్నది, ఇప్పుడు పనికిరాదని తీసి పారేస్తే పెద్దమనిషిని అవమానించినట్టు అవుతుందన్నారు. ఆయనకి తెలియదు కదండీ అన్నాను. మనకి తెలుస్తుంది కదండీ అన్నారు. విమానం పడితే పడనివ్వండి, అది ఎలాగూ ఆటే, అన్నారు. ఆయన హాస్యానికి అనడం లేదు. నేను మళ్ళీ వేగాలూ, దారులూ, జంటలూ అన్నీ మొదటి నుంచి చెప్పుకొచ్చాను. ఆయన మర్యాదగా విన్నారు, కదల్లేదు.

ఇక లాభం లేదని జాయ్‌స్టిక్కు పెట్టె ఆయన ముందు పెట్టి లేచాను. లేస్తూ అన్న మాట నేను అనుకుని అన్నది కాదు.

"విమానం పడిపోయింది మీ చెయ్యి వల్ల కాదండి. ఆ రోజు నేను నోరు మూసుకోవడం వల్ల."

రాజుగారు తన కుడి చెయ్యి చూసుకున్నారు. మూసి, తెరిచి, మళ్ళీ మూశారు. నా చెయ్యి వల్ల కాదా అని అడిగారు. కాదండి అన్నాను. ఇంకోసారి అడిగారు, ఇంకోసారి చెప్పాను. నేను అంతసేపు మెమొరీ గురించి చెప్పాను గానీ అసలు చెప్పాల్సింది ఈ ఒక్క ముక్కేనని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆయన, అయితే తియ్యండి అన్నారు. తీశాను. అమ్మగారిని పిలిచి ఉతికిన గుడ్డ తెప్పించి, ముక్కని అందులో చుట్టి, కిందికి పట్టుకెళ్ళి ఇనప్పెట్టెలో దస్తావేజుల పక్కన పెట్టి వచ్చారు. పారేసింది కాదు, పదిలపరిచింది అని నాతో అన్నారు. తనతో తాను కూడా అనుకున్నట్టున్నారు.

మిషన్ వేశాం. బొమ్మ ఎక్కడా ఆగకుండా సాగింది. సముద్రం మీద ఎండ మెరుపులు కూడా కనబడుతున్నాయి, అంతకు ముందు అవి ఉన్నట్టే ఆయనకి తెలీదట. నేను వెనక చేతులు కట్టుకుని పెళ్ళి చేయించిన పురోహితుడిలా నిలబడ్డాను. అమ్మగారు గుమ్మంలో నిలబడ్డారు. రాజుగారు విమానాన్ని చక్కగా తిప్పుకొచ్చారు, రన్‌వేకి ఎదురుగా పెట్టారు, దించారు, దించారు, చెయ్యి లాగగానే విమానం మాట విన్నది, చెట్లు దాటింది, ఇంకేముంది అనుకుంటుండగా సాఫీగా, ఎక్కడా తడబాటు లేకుండా, వెళ్ళి నీళ్ళలో పడింది.

మీ చెయ్యి వల్ల కాదని రెండుసార్లు చెప్పి పావుగంట కాలేదు. ఒక మనిషి వదిలేసుకున్న ఆశని పనిగట్టుకుని వెళ్ళి తట్టిలేపి, మళ్ళీ నేనే ముంచానే అనిపించింది. ఇంకొంచెం నిజం చెప్పాలంటే, ఆ బాధలో సగం ఆయన కోసం కాదు, నా ఉపన్యాసం కోసం. రాజుగారి వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు. ఆయన భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారనుకున్నాను. కాదు, నవ్వుతున్నారు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వి, నా వైపు తిరిగారు.

"ఇది నాదండి ఇంజినీరు గారూ. ఇన్నాళ్ళూ పడ్డవి ఎవరివో ఏమో. ఇది మాత్రం నేనే పడేశాను, తెలుస్తోంది నాకు, కాస్త ముందుగా లాగేశాను. నాదైతే నేను దిద్దుకోగలనండి."

అని మళ్ళీ విమానం లేపారు. నేను వెళ్ళొస్తానంటే తల తిప్పకుండానే మంచిదండి అన్నారు. అంత మర్యాద గల మనిషి వీధి దాకా సాగనంపకుండా ఒకణ్ని పంపడం అదే మొదలని అమ్మగారు నొచ్చుకుని, గారెలు పొట్లం కట్టి ఇచ్చారు. నేను మెట్లు దిగుతుంటే పైన ఇంకోసారి నీళ్ళ చప్పుడు, ఇంకోసారి నవ్వు వినిపించాయి.

మూడు వారాల తర్వాత కొట్లో ఫోను మోగింది. నేనే తీశాను. అటు నుంచి రాజుగారు, దిగానండి అన్నారు. తెల్ల గీత మీదే దిగానండి, ఇదీ నాదేనండి అన్నారు. నేను ఆయ్ అని మాత్రం అన్నాను. ఒక కుర్రవాడు పెద్దాయనకి చెప్పదగ్గ గొప్ప మాటలు ఆ తర్వాత పాసింజర్లో బోలెడు తోచాయి. ఆయన శెట్టిగారికి ఒకసారి ఇవ్వమన్నారు. ఇచ్చాను. శెట్టిగారు ఫోను చెవికి ఆనించుకుని ఆయ్, ఆయ్, నిజవేనాండి, ఎంత మాటండి అంటూ విని, ఫోను పెట్టేసి, కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. ఆయన ఇచ్చిన ముక్క తమ ఇంట పదిలంగా ఉందనీ, విమానం దిగిందంటే ఆ చేతి చలవేననీ రాజుగారు చెప్పారట. అందులో ఏది అబద్ధమో ఇప్పటికీ నేను చెప్పలేను.

శెట్టిగారు అక్కడితో ఆగితే బాగుండేది. సొరుగు మొత్తం బయటికి లాగి, అల్లుడి కాలం నాటి ముక్కలన్నీ బల్ల మీద పరిచి, ఇక మీదట కాగితాలూ బ్రష్షులూ వద్దు, కట్టే ప్రతి మిషన్‌కీ ఇందులో ఒకటి కొసరుగా పెట్టు అన్నారు. అయిపోతే విజయవాడ నుంచి పాతవే చవగ్గా తెప్పిద్దాం అన్నారు. ఆయన మొహం ఎంత వెలిగిపోతోందంటే, కంప్యూటర్ల వ్యాపారం పెట్టాక ఆయన దాన్ని మొదటిసారి తన వ్యాపారం అనుకున్నట్టుంది. నేను రైల్లో వేసుకున్న ఒట్టు నాకు గుర్తే. ఒట్టు ప్రకారం నోరు కూడా తెరిచాను. తెరిచి, అలాగేనండి అన్నాను.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు, వారం పొడుగునా మిషన్లలో నేను పెట్టిన కొసర్లని ఆదివారాలు ఊరూరా తిరిగి నేనే తీసేవాణ్ని. ఇది శెట్టిగారు ప్రేమతో ఇచ్చింది, లోపల కన్నా బీరువాలో ఉంటే మంచిదండి అని చెప్పేవాణ్ని. ఎందుకని అడిగినవాళ్ళకి ఎడ్ల సంగతి చెప్పేవాణ్ని, ఒక్కళ్ళూ కాదనలేదు. మా కొట్లో కొంటే వారం తిరిగేసరికి ఇంజినీరే ఇంటికొచ్చి చూసిపోతాడని చుట్టుపక్కల పేరొచ్చి, బేరాలు పెరిగాయి. బేరాలు పెరిగినకొద్దీ నా ఆదివారాలు తరిగిపోయాయి.

ఇప్పుడు నాకు కొసరు ఇచ్చేవాళ్ళూ లేరు, తీసేవాళ్ళూ లేరు, డబ్బా విప్పే పనే లేని ఉద్యోగం. బండిలో కూర్చున్నప్పుడు ఒక్కోసారి ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఇస్త్రీ చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని, ఎర్రటి ఎండలో, జిల్లాలో ఈ రహస్యం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే అన్నంత గంభీరంగా బస్సు కోసం నిలబడి ఉంటాడు. వాణ్ని చూస్తే నవ్వూ వస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. నిజం చెప్పడానికి అన్ని ఊళ్ళు తిరిగినవాడు, నాలుగడుగుల దూరంలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషికి మాత్రం చెప్పలేదు. అప్పుడు చేతకాక చెప్పలేదు. ఇప్పుడైతే బాగానే చేతనవును, అయినా చెప్పను.